ఊపిరితిత్తుల కోసం లిస్టులో ఉన్నాం, ఈలోపు ఇంట్లో ఎలా ఉండాలి?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. మా ఆయనకు 49 ఏళ్ళు, మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తా. రెండున్నరేళ్ళ కిందట పొడి దగ్గుతో మొదలైంది. ఐఎల్‌డీ అన్నారు, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు. ఊపిరితిత్తి గట్టిపడటాన్ని నెమ్మది చేసే నింటెడానిబ్ అనే మందు వాడుతున్నాం. నాలుగు నెలల కిందట హైదరాబాద్ ఆసుపత్రి వాళ్ళు ఊపిరితిత్తుల మార్పిడి కోసం జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) పేరు రాయించారు. బ్లడ్ గ్రూప్ ఓ పాజిటివ్. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 62 కిలోల నుంచి 51కి వచ్చేసింది. ఇంట్లో గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే ఐదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ మెషీన్ ఉంది. నిమిషానికి మూడు లీటర్లు పెట్టుకుని కూర్చుంటే వేలికి పెట్టే ఆక్సీమీటరులో 93 ఉంటుంది, బాత్రూమ్‌కి వెళ్ళొస్తే 79కి పడిపోతుంది. అందుకే మంచం దిగనివ్వడం లేదు. ఆక్సిజన్ అలవాటైపోతుందని, రాత్రి పూటైనా తీసేయమని మా అత్తమ్మ అంటోంది. పిలుపు ఎప్పుడొస్తుంది? హైదరాబాద్‌లో ఇల్లు తీసుకోవాలా? మా అబ్బాయి తన ఊపిరితిత్తి ఇస్తానంటున్నాడు, కుదురుతుందా? ఎవరో పోతే గానీ తనకు రాదని తలచుకుని ఆయనకు ముద్ద దిగడం లేదు.

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు మీవారిని మంచం దింపాలి. భయపడి, ప్రేమకొద్దీ చేస్తున్న పనే అయినా ఇప్పుడు ఆయనకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ పడకే. వారం పది రోజులు కదలకుండా ఉంటే తొడల్లో కండ కళ్ళముందే కరిగిపోతుంది. లిస్టులో పేరుండటం ఒకటి, పిలుపొచ్చిన రోజున ఆపరేషన్‌ని తట్టుకునే ఒళ్ళుండటం ఇంకొకటి. ఈ మధ్యలో మనిషి బాగా నీరసించినా, బరువు మరీ పడిపోయినా, ఇన్‌ఫెక్షన్ పట్టినా ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ ఆ పేరును కొన్నాళ్ళు పక్కన పెడుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా ఛాతీలో గొట్టాలుండగానే లేపి నిలబెడతారు. కాళ్ళలో సత్తువ లేనివాళ్ళు వెంటిలేటర్ మీదే ఎక్కువ రోజులు ఉండిపోతారు.

నాలుగడుగులకే 79కి పడుతుంటే ఎలా దించమంటారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందు ఆక్సిజన్ సంగతి సరిచేసుకుందాం.

మీ దగ్గరున్న మూడు లీటర్లు కూర్చున్నప్పటి లెక్క. నడిచేటప్పుడు కండరాలు ఎక్కువ ఆక్సిజన్ లాగుతాయి, రక్తం కూడా ఊపిరితిత్తుల్లోంచి వడివడిగా పారుతుంది. మంచి ఊపిరితిత్తిలో గాలితిత్తి గోడ పల్చగా ఉంటుంది కాబట్టి ఆ కాస్త సమయంలోనే ఆక్సిజన్ రక్తంలోకి దాటుతుంది. మచ్చపడి మందమైన గోడలో ఆ సమయం చాలదు. ఐఎల్‌డీ వాళ్ళకు కూర్చుంటే బాగానే ఉండి, లేస్తే ఢామ్మని పడిపోవడానికి కారణం ఇదే. అందుకని వీళ్ళకు ఒక అంకె చాలదు, మూడు కావాలి: కూర్చున్నప్పుడు ఎంత, నడిచేటప్పుడు ఎంత, నిద్రలో ఎంత. ఈసారి ఓపీకి వెళ్ళినప్పుడు ఆరు నిమిషాల నడక పరీక్షను ఆక్సిజన్ పెంచుకుంటూ చేయమనండి. ఎన్ని లీటర్ల మీద నడిస్తే 88 కంటే కిందికి పోవడం లేదో చూసి, ఆ మూడు అంకెలూ చీటీ మీద రాయించుకోండి. నడకకు ఆరు లీటర్లో ఎనిమిదో తేలినా కంగారుపడకండి, ఈ జబ్బులో అది మామూలే.

అప్పుడు మీ ఐదు లీటర్ల మెషీన్ చాలదు. పది లీటర్లది కొనాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. ఇంకో ఐదు లీటర్ల మెషీన్ తెచ్చి, వై ఆకారపు కనెక్టరుతో రెండిటినీ కలపడం కూడా ఒక దారి. అయితే అది సప్లయర్ చేత పెట్టించి, డాక్టరుకు చెప్పి వాడాలి. బ్యాటరీతో నడిచే చిన్న పోర్టబుల్ మెషీన్లు చూసి మోసపోకండి. చాలావాటిలో '3' అని ఉంటే నిమిషానికి మూడు లీటర్లని కాదు, ఊపిరి పీల్చినప్పుడల్లా వదిలే గుక్క సైజు అని అర్థం. మీవారిలాంటి వాళ్ళకు నడిచేటప్పుడు అది చాలకపోవచ్చు. కొనేముందు ఆయనకే తగిలించి, నడిపించి, ఆక్సీమీటరు చూశాకే డబ్బు కట్టండి. ఇంకో మాట, సాదా మాస్కు ఐదు లీటర్లకు తక్కువ పెట్టి వాడకూడదు. వదిలిన ఊపిరే మళ్ళీ లోపలికి పోతుంది. మూడు లీటర్లకు ముక్కు గొట్టమే సరి.

అత్తమ్మగారికి ఇలా చెప్పి చూడండి: అలవాటైపోతుందని అన్నం మానేస్తామా? లీటర్లు పెరుగుతున్నాయంటే జబ్బు పెరగబట్టే, ఆక్సిజన్ పెట్టబట్టి కాదు. పైగా నిద్రలో ఊపిరి ఎవరికైనా కాస్త మందగిస్తుంది, కాబట్టి రాత్రి తీసేయడమే అన్నిటికన్నా ప్రమాదం. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆ బిగువుకు ఎదురు కొట్టి కొట్టి గుండె కుడిభాగం అలిసిపోతుంది, కాళ్ళకు నీరు దిగుతుంది. గుండె కూడా చెడితే ఆపరేషనే మారిపోతుంది. రాత్రి తీసేసిన గొట్టం ఖరీదు అంత. సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉండి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే తత్వం ఉన్నవాళ్ళ లెక్క మాత్రం వేరు. వాళ్ళకు 88 నుంచి 92 మధ్యే ఉంచాలి, అంతకు మించి పెంచకూడదు. ఈ సమాధానం చదివి పక్కింటి సీఓపీడీ పేషెంటుకు లీటర్లు పెంచేయకండి.

అంకె పడిపోయినప్పుడు ఒక్కోసారి మనిషికి ఏమీ అయి ఉండదు, గొట్టంలోనో మెషీన్‌లోనో లోపం ఉంటుంది. గ్లాసులో నీళ్ళు పోసి ముక్కు గొట్టం కొసలు ముంచండి. బుడగలు జోరుగా రావాలి. రాకపోతే గాలిని తడిపే నీళ్ళ సీసా (హ్యుమిడిఫయర్) మూత చూడండి, మర వంకరగా పడితే గాలంతా అక్కడే పోతుంది. మంచం కాలి కింద గొట్టం నలిగిందేమో చూడండి. గొట్టంలో నీరు చేరి ఉంటే విదిలించండి. ఇవన్నీ బాగుంటే ఆక్సీమీటరు సంగతి: చల్లని వేలు, గోరింటాకు, కదులుతున్న చెయ్యి తప్పు అంకె చూపిస్తాయి. చెయ్యి రుద్ది వెచ్చబెట్టి, నిమిషం పాటు కదలకుండా పెట్టి చూడాలి. నడిచి ఆగిన తర్వాత అర నిమిషం దాకా అంకె ఇంకా దిగుతుంది కాబట్టి ఆగగానే చూసి వేలు తీసేయకండి.

సీసాలో డిస్టిల్డ్ వాటర్ రోజూ మార్చాలి, గీతల మధ్యే పోయాలి. మెషీన్ పక్కనుండే నల్ల స్పాంజిని వారానికోసారి కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. మెషీన్‌ని గోడకు ఆనించకుండా అడుగు దూరంలో ఉంచాలి. ఆరు నెలలకోసారి టెక్నీషియన్‌ని పిలిచి వచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం కొలిపించండి. మంచి మెషీన్ 90 పైన ఇస్తుంది. గాలి బుసబుసలాడుతూ వస్తూనే ఉన్నా అందులో ఆక్సిజన్ 70 శాతమే ఉండొచ్చు, చేత్తో చూసి చెప్పలేం.

కరెంటు. ఐదు లీటర్ల మెషీన్ సుమారు 350 వాట్లు, పది లీటర్లది 600 వాట్ల దాకా లాగుతుంది, వెనక స్టిక్కరు మీద రాసి ఉంటుంది. కొత్త 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటుంటే ఐదు లీటర్లది మూడు గంటల పైచిలుకు, పది లీటర్లది గంటన్నర, మహా అయితే రెండు గంటలు నడుస్తుంది. బ్యాటరీ పాతదైతే అందులో సగమే అనుకోండి. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే కావాలి, దాని మీద ఫ్రిజ్, గ్రైండర్ ఉండకూడదు. అయినా ఇన్వర్టర్‌ని నమ్ముకుని ఉండలేం. పల్లెలో గాలివాన వస్తే పూటంతా కరెంటు రాదు. సిలిండర్ ఉండి తీరాలి.

సిలిండర్ లెక్క తేలిక. దాని మీద రాసిన నీటి లీటర్లను గడియారంలో కనిపించే బార్ అంకెతో గుణిస్తే ఎన్ని లీటర్ల గాలి ఉందో తెలుస్తుంది. పది లీటర్ల బి టైప్ సిలిండర్ 150 బార్ దాకా నింపి ఉంటే 1500 లీటర్లు. మూడు లీటర్ల మీద ఎనిమిది గంటల పైన, ఆరు మీద నాలుగు గంటలు. పెద్ద జంబోలో సుమారు 7000 లీటర్లుంటాయి, మూడు మీద ఒకటిన్నర రోజు వస్తుంది. ఇంట్లో ఒక జంబో, బయటికి రెండు బి టైప్‌లు ఉంచుకోండి. సిలిండర్‌తో పాటు ఇచ్చే తాళం చెవిని దారంతో దాని మెడకే కట్టేయండి. అర్ధరాత్రి సిలిండర్ నిండుగా ఉండి కూడా చెవి దొరక్క తంటాలు పడే ఇళ్ళున్నాయి. రెగ్యులేటర్‌కు నూనె, గ్రీజు, జిడ్డు చెయ్యి తగలకూడదు, అంటుకుంటుంది. మీ కరెంటాఫీసులో ఏఈగారికి డాక్టరు లెటర్ జత చేసి అర్జీ ఇవ్వండి, లైన్‌మన్ నంబరు తీసుకోండి. కోత ముందే తెలిస్తే ఆ కబురు మీకు అందుతుంది.

దేవుడి దీపం, అగరుబత్తి, దోమల కాయిల్, గ్యాస్ పొయ్యి ఆయన ఉన్న గదిలో వద్దు, కనీసం పది అడుగుల దూరం ఉండాలి. ముక్కు ఎండి పగిలితే వ్యాజిలైన్, కొబ్బరినూనె రాయకండి. సెలైన్ జెల్ అడగండి.

ఇప్పుడు మంచం దింపుదాం. నడకకు రాసిన లీటర్లు పెట్టి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు లేపండి. లేచాక పెంచితే ఆలస్యమైపోతుంది. మొదటివారం ఒకటే కసరత్తు: భోజనాల కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, కూర్చునేటప్పుడు పీల్చాలి, ఎక్కడా బిగబట్టకూడదు. ఐదు సార్లు లేచి రెండు నిమిషాలు ఆగాలి. అలా మూడు విడతలు, పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు. అది సులువైతే ఐదును ఎనిమిది, పది చేయండి. రెండో వారం నుంచి వరండాలో నడక కలపండి. రెండు నిమిషాల నడక, రెండు నిమిషాల విశ్రాంతి, అలా ఐదు విడతలు. ఆగకుండా పది నిమిషాలు నడిపించాలని చూస్తే అంకె పడుతుంది, ఆయనకు భయం పట్టుకుంటుంది, మర్నాడు లేవరు. ముక్కలు చేస్తే అదే నడక నడవగలరు. చేతులకు అర లీటరు నీళ్ళ సీసాలు చాలు, మొదట్లో భుజం ఎత్తు దాటించొద్దు. ఆయాసం ఎంత ఉండొచ్చంటే మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి రావాలి గానీ, మాటే రాకుండా పోకూడదు. 88 కిందికి దిగితే ఆగి కోలుకోనివ్వండి. 85 దాటి కిందికి పోయినా, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉన్నా ఆ రోజుకు ఆపేసి డాక్టరుతో మాట్లాడండి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు పల్మనరీ రిహాబ్ ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి ఇదంతా చేయించి చూపించుకోండి, ఆ తర్వాత వీడియో కాల్‌లో చూస్తామనే వాళ్ళూ ఉన్నారు. మూడు బంతుల స్పైరోమీటర్‌తో రోజంతా గాలి పీల్పించడం వల్ల మచ్చపడ్డ ఊపిరితిత్తి తెరుచుకోదు. ఆ ఓపిక కాళ్ళకు పెట్టండి.

బాత్రూమ్ విషయంలో మీరు చూసిన 79కి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. నేల మీద కూర్చునే దొడ్డిలో మోకాళ్ళు కడుపును నొక్కుతాయి, ముక్కేటప్పుడు ఊపిరి బిగబడుతుంది, లేవడానికి ఒళ్ళంతా బరువు ఎత్తాలి. కమోడ్ కుర్చీ తెప్పించండి, మలబద్ధకం లేకుండా చూడండి. స్నానానికి స్టూలు మీద కూర్చోబెట్టండి. గోరువెచ్చని నీళ్ళు చాలు, మరీ వేడినీళ్ళ ఆవిరికి ఆయాసం పెరుగుతుంది. మెషీన్ నుంచి గొట్టం పొడుగు చేయించుకోవచ్చు, చాలా మెషీన్లు 15 మీటర్ల దాకా తట్టుకుంటాయి. మెషీన్ మాత్రం బాత్రూమ్ బయటే ఉండాలి. తలుపు గడియ వేయనివ్వకండి. తువ్వాలుతో తుడుచుకోవడానికి చేతులు పైకెత్తడమే పెద్ద పని, ఒంటికి పెద్ద టర్కీ టవల్ చుట్టేసి ఐదు నిమిషాలు కూర్చోబెడితే అదే పీల్చేస్తుంది.

ఇక బరువు. 168 సెంటీమీటర్ల మనిషికి 51 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతో చూపే లెక్క) 18. ఇంకో మూడు కిలోలు తగ్గితే 17కి వస్తుంది, అక్కడి నుంచి చాలా కేంద్రాలు వెనకాడతాయి. 56 కిలోలు మీ గురి అనుకోండి. నింటెడానిబ్‌తో విరేచనాలు, వికారం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం మామూలే, కాబట్టి 11 కిలోల్లో ఆ మందు వాటా కూడా ఉండొచ్చు. దాన్ని పరగడుపున కాకుండా అన్నం మధ్యలో, 12 గంటల తేడాతో వేయండి. విరేచనాలు రోజుకు నాలుగు దాటుతుంటే ఓర్చుకోకుండా డాక్టరుకు చెప్పండి, వాటికి మందు ఉంది, 150 మిల్లీగ్రాముల నుంచి 100కి తగ్గించే వీలూ ఉంది. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. లివర్ రక్తపరీక్ష డాక్టరు చెప్పిన గడువుకు తప్పకుండా చేయించండి. స్టెరాయిడ్ బిళ్ళలు కూడా వాడుతుంటే వాటినీ ఒక్కసారిగా మానకూడదు. ఆపరేషన్ నాటికి ఆ మోతాదు తక్కువగా ఉండాలని కోరుకుంటారు, నెమ్మదిగా తగ్గించడం డాక్టరు పని.

కడుపు నిండా తింటే ఉబ్బిన పొట్ట ఊపిరిని అడ్డుకుంటుంది. మూడు పూటల అన్నాన్ని ఆరు చేయండి. తినేటప్పుడు ఆక్సిజన్ తీయకండి, తీస్తేనే నాలుగు ముద్దలకు అలిసిపోయి కంచం పక్కకు నెడతారు. రోజుకు 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లతో 12 గ్రాములు, రెండు గ్లాసుల పాలతో 16, రెండు పూటల ముద్దపప్పుతో 14, పెద్ద కప్పు పెరుగుతో 6, వంద గ్రాముల చేపో కోడో వండితే 20, గుప్పెడు వేరుశెనగపప్పుతో 7. ఇక్కడికి 75 అయ్యాయి. మెత్తగా ఉండేలా వండండి, నమలడమూ శ్రమే. రాగిజావ నీళ్ళతో కాకుండా పాలతో కాచి చెంచా నెయ్యి వేయండి. చారన్నం, మజ్జిగన్నంతో పొట్ట నిండుతుంది తప్ప ఒంటికి పట్టేది తక్కువ, వాటిని చివరికి పెట్టండి. రాత్రి అన్నానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టండి. పులితేన్పులతో పైకొచ్చే ఆసిడ్ నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, కొత్త ఊపిరితిత్తి పెట్టాక కూడా అది పెద్ద శత్రువే.

ఇన్‌ఫెక్షన్ల విషయానికొస్తే, ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా, హెపటైటిస్ బి మూడు డోసులు వేయించారో లేదో ఫైల్లో చూడండి. ఆపరేషన్ తర్వాత వేస్తే ఒళ్ళు సరిగా స్పందించదు. ఆటలమ్మ టీకాలాంటి బతికున్న క్రిమి టీకాలు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే పడాలి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళకు అసలు వేయరు, అందుకే టీమ్‌ని అడక్కుండా ఏదీ వేయించకండి. పుచ్చుపళ్ళు ఉంటే ఇప్పుడే బాగుచేయించండి. పొగాకు ఏ రూపంలోనూ ఉండకూడదు. గుట్కా, ఖైనీ, చివరికి నికోటిన్ చూయింగ్ గమ్ అయినా మూత్రపరీక్షలో పట్టేస్తుంది, పేరు పోతుంది. మిర్చి కొట్టు వైపు వెళ్ళనివ్వకండి, ఇంట్లో కారం దంచడం, తాలింపు ఘాటు ఉన్న పూట ఆయన్ని వేరే గదిలో ఉంచండి. 2017లో వెలువడిన భారత ఐఎల్‌డీ రిజిస్ట్రీలో వెయ్యి మందికి పైగా రోగులను చూస్తే సగానికి దగ్గరగా ఉన్నది, పీల్చిన ధూళి, బూజు, పక్షి రెట్టలు పడక వచ్చే రకం. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఎయిర్ కూలర్లు ఉన్నాయి. తడి గడ్డిలో బూజు పెరుగుతుంది. ఖమ్మం ఎండలకు కూలర్ మానడం కష్టమని తెలుసు, అయినా ఆ గదికి ఏసీ పెట్టించండి లేదా ఫ్యానుతోనే గడపండి.

ఆయాసం ఎక్కువై భయం పట్టుకున్నప్పుడు పడుకోబెట్టకండి. కుర్చీలో కూర్చోబెట్టి ముందుకు వంచి, మోచేతులు బల్ల మీద ఆనించండి. చిన్న టేబుల్ ఫ్యాను గాలి చెంప మీద, ముక్కు పక్కన తగిలేలా పెట్టండి. అంకె మారకపోయినా ఊపిరాడనట్టుండే బాధ దిగుతుంది. ఆ వెంటనే ఆక్సీమీటరు కూడా చూడండి. ఎప్పుడూ ఉండే లీటర్ల మీద విశ్రాంతిగా ఉన్నప్పుడే నాలుగు పాయింట్లు తక్కువగా చూపిస్తూ అలాగే ఉండిపోతే, 100.4 డిగ్రీల జ్వరం వస్తే, కళ్ళె రంగు మారితే, కాళ్ళు వాస్తే అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఉన్నట్టుండి ఒక పక్క ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చి ఆయాసం ముంచుకొస్తే ఊపిరితిత్తి చిల్లు పడి గాలి చేరి ఉండొచ్చు, వెంటనే 108కి చేయండి. ఎక్కడ చేర్చినా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు చెప్పాలి. ముఖ్యంగా రక్తం ఎక్కించాలన్నారంటే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, ముందు వాళ్ళతో మాట్లాడించండి. పరాయి రక్తం వల్ల పుట్టే యాంటీబాడీలు దాత అవయవం సరిపోకుండా చేస్తాయి.

పిలుపు ఎప్పుడని ఎవరూ తేదీ చెప్పలేరు. ఓ గ్రూపు అవయవం ఏ గ్రూపుకైనా సరిపోతుంది, ఓ వాళ్ళు మాత్రం ఓ దాత దగ్గరే తీసుకోవాలి. దాత ఛాతీ కొలత మీవారి ఎత్తుకు తగ్గట్టుండాలి, ఆ దాత అవయవానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు మీవారి రక్తంలో ఉండకూడదు. మెదడు మరణం అయినవాళ్ళలో కూడా ఊపిరితిత్తులు త్వరగా పాడవుతాయి, విదేశాల్లోనే సుమారు ఐదింట ఒకరివి పనికొస్తాయి. తీశాక ఆరు గంటల్లోపు పెట్టెయ్యాలన్నది మామూలు లెక్క. మీరు చేయగలిగింది ఒకటుంది: లీటర్లు పెరిగినా, నడక తగ్గినా వెంటనే టీమ్‌కు తెలియజేయండి. జబ్బు ఎంత ముదిరిందన్నది కూడా చూస్తారు, పాత కాగితాల మీద నిర్ణయం జరగకూడదు. నెలా రెండు నెలలకోసారి రివ్యూ తప్పించకండి.

ఇల్లు తీసుకోమనే మా సలహా. ఖమ్మం నుంచి రోడ్డు మీద నాలుగు గంటలు, వానొస్తే ఐదు. ముందు మీ ఆసుపత్రి ఎన్ని గంటల్లో చేరాలంటుందో రాతలో అడగండి. ఎలాగూ ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని నెలలు ఆసుపత్రి దగ్గరే ఉండాలి, ఆ అద్దె వృథా పోదు. ఇప్పుడే కుదరకపోతే కూర్చున్నప్పటి లీటర్లు ఐదు దాటిన రోజున మారడం తప్పనిసరి అనుకోండి. పది దాటితే ఇంటి మెషీన్లే చాలవు. కింది అంతస్తు గానీ, జనరేటర్ మీద నడిచే లిఫ్ట్ గానీ ఉన్న ఇల్లు చూడండి. బాల్కనీలో, ఏసీ పెట్టె వెనక పావురాలు గూడు కట్టాయేమో మీరే తొంగిచూడండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇది పెద్ద బెడద, రెట్ట కనిపిస్తే ఆ ఇల్లు వద్దు. డబ్బు సంగతిలో ప్యాకేజీ ఎంత అని మాత్రమే అడగకండి. ఎక్మో (ఒంటి బయట రక్తానికి ఆక్సిజన్ పట్టించే మెషీన్) పెడితే రోజుకెంత, ఐసీయూ రోజులు దాటితే ఎంత, నెలనెలా మందులు, రక్తపరీక్షలకు ఎంత అని రాయించుకోండి, ఆ మందులు జీవితాంతం వేసుకోవాలి. సీఎం సహాయ నిధి కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

అబ్బాయి మనసు గొప్పది. కానీ కిడ్నీలా ఒకరు ఒకటి ఇస్తే సరిపోయేది కాదిది. జపాన్‌లో ఇద్దరు బంధువుల నుంచి ఊపిరితిత్తిలో చెరో కింది తమ్మె (కింది భాగం) తీసి పెట్టే పద్ధతి ఉంది, మన దగ్గర ఆ దారి లేదనే అనుకోండి. ఇప్పుడు ఆ అబ్బాయి చేయాల్సిన సాయం రాత్రి కాపలాలో మీకు వంతు రావడం. నెలల తరబడి మీరొక్కరే మేలుకుంటే మీరూ మంచం పడతారు.

మీవారి బెంగ విషయంలో ఆయనకు నిజం చెప్పండి. 1994 నాటి అవయవమార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి మెదడు మరణాన్ని ధ్రువీకరిస్తుంది. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళను అడుగుతారు. ఆయన ఎదురుచూసినా చూడకపోయినా ఆ ప్రమాదం ఆగేది కాదు. ఆ దుఃఖంలో ఉండి కూడా ఒక కుటుంబం సరేనంటుంది, ఆ అవయవం మట్టిపాలు కాకుండా అందుకోవాలంటే ఇవాళ ఈ ముద్ద తినాలి. ఆయాసం, బెంగ నిద్రపట్టనివ్వకపోతే బాధను తగ్గించే వైద్యం చేసే పాలియేటివ్ డాక్టరును కలవండి. ఆశ వదిలేసినట్టు కాదు, లిస్టులో ఉండగానే చూస్తారు.

పిలుపు కోసం మూడు నంబర్లు ఇచ్చి ఉంచండి, మీది, అబ్బాయిది, పక్కింటివారిది. ఫోన్లలో తెలియని నంబర్లను ఆపేసే సెట్టింగ్ తీసేయండి, కోఆర్డినేటర్ నంబరు అందరి ఫోన్లలో సేవ్ చేసి రాత్రి కూడా మోగేలా పెట్టండి. సంచీలో ఫైలు, సీటీ సీడీలు, ఆధార్, బీమా కాగితాలు, మందుల పట్టీ, విడి ముక్కు గొట్టం ఉండాలి. కారు డ్రైవర్లు ఇద్దరితో ముందే మాట్లాడుకోండి. దారి లెక్క ఇలా: నాలుగు లీటర్ల మీద నాలుగున్నర గంటలకు 1080 లీటర్లు, ట్రాఫిక్ ఆగిపోతుందనుకుని రెట్టింపు చేస్తే 2160. రెండు బి టైప్ సిలిండర్లు నిండుగా ఉంటే సరిపోతాయి. వాటిని డిక్కీలో వేయకుండా వెనక సీటు దగ్గర బెల్టుతో కట్టి, అద్దం కాస్త దించి ఉంచండి. ఫోన్ రాగానే జ్వరం, కొత్త దగ్గు ఏమైనా ఉంటే దాచకుండా చెప్పండి, రక్తం పల్చబడే మందు వేసుకుంటే అదీ చెప్పండి. వాళ్ళు తినమనేదాకా మంచినీళ్ళు కూడా వద్దు.

ఒక్కటి ముందే తెలిసి ఉండాలి. పిలిచి, పరీక్షలన్నీ చేసి, థియేటర్ దాకా తీసుకెళ్ళి కూడా దాత ఊపిరితిత్తి బాగాలేదని వెనక్కి పంపడం ఉంటుంది. ఒకటికి రెండు సార్లు జరగొచ్చు. అది మీ వంతు పోయినట్టు కాదు, పేరు లిస్టులోనే ఉంటుంది. బాగాలేని ఊపిరితిత్తిని పెట్టకుండా ఆపిన డాక్టర్లు మీ మేలే చేసినట్టు. ఆ రోజు ఆయనకు కడుపు నిండా పెట్టి, తిరుగు ప్రయాణంలో దారిలోనే సిలిండర్లు రెండూ నింపించుకుని ఇంటికి చేరండి.